గిన్తీ పూర్తి

బెల్‌ఫాస్ట్,
2 అక్టోబర్ 2011.

మొగిలి కాకకు,

కస్తూరి నమస్కారాలతో రాస్తున్నది. ఫోన్ చేస్తే మీకు వినపడదు, ఈమెయిల్ పంపితే మీ అమ్మాయి స్నేహలతక్క తెరిచి చూపించాలి. అందుకని కాగితం మీద పడ్డాను. చేతిరాత చూసి నవ్వకండి, పరీక్షలయ్యాక పెన్ను పట్టడం ఇదే.

న్యూకాసిల్‌లో చదువు ముగించి బెల్‌ఫాస్ట్‌కు వచ్చి తొమ్మిది నెలలైంది. ఇక్కడ పూర్వం ఓడలకు వాడిన పెద్ద షెడ్డులో ఒక టీవీ సీరియల్ తీస్తున్నారు. నేను అందులో రచయితల గదిలో సహాయకురాలిని. టీ పెట్టడం, కాగితాలు కాపీ తీయడం, వాళ్లడిగిన సంగతులు వెతికి పెట్టడం నా పని. కథ ఏమిటంటే, సూర్యుడికి చాలా దూరంగా, మంచు తప్ప ఇంకేమీ లేని ఒక చందమామ మీద ఆరుగురు సిపాయిలు ఒక పోస్ట్‌కు కాపలా కాస్తుంటారు. అవతల శత్రువు ఉన్నాడంటారు గాని ఎప్పుడూ కనపడడు. మొదటి రెండు ఎపిసోడ్లు ముందుగా చూసిన పత్రికలవాళ్లు "వీళ్లు సిపాయిలా, ఫ్యాన్సీ డ్రెస్ పోటీకి వచ్చినవాళ్లా" అని ఎగతాళి చేశారు. మా ప్రొడ్యూసర్ గదిలోకి వచ్చి, నిజమైన సైన్యంలా కనపడకపోతే అందరం ఇళ్లకు పోదాం అన్నాడు. సలహాకు ఒక రిటైర్డ్ మేజర్‌ను పెట్టారు. ఆయన ఎడారిలో పనిచేసినవాడు, మంచు సంగతి తెలియదు. నాకు నోరు ఊరుకోదు కదా, మంచులో కాపలా కాసిన మనిషి మా ఇంటి మనిషే ఉన్నాడు అనేశాను.

నాన్నతో మంచులో ఒకే పోస్ట్‌లో, ఒకే గుడిసెలో పడుకుని లేచిన మనిషి మీరు. నాన్న పోయేనాటికి నాకు తొమ్మిదేళ్లు. ఈ ఇరవై ఏళ్లలో మీరు ఆ పోస్ట్ గురించి నాకు చెప్పలేదు, అడగడానికి నాకు ధైర్యం చాలలేదు. ఇప్పుడు ఉద్యోగం పేరు చెప్పి అడుగుతున్నాను. మా సిపాయిలు ఎక్కడెక్కడ తప్పుగా ఉన్నారో తిట్టి రాయండి.

అమ్మ ఆగస్టులో విజిట్ వీసా మీద వచ్చింది, ఫిబ్రవరి దాకా ఉంటుంది. ఆరో అంతస్తు ఫ్లాట్‌లో వాన చూస్తూ కూర్చుంటుంది. హీత్రూ ఎయిర్‌పోర్ట్ మీ నెత్తి మీదే ఉంది, విమానంలో ఒక్క గంట ప్రయాణం. ఒకసారి వచ్చి పోరాదూ?

మీ బిడ్డలాంటి,
కస్తూరి.


స్లౌ,
9 అక్టోబర్ 2011.

బిడ్డా కస్తూరీ,

చల్లగా ఉండు. నీ ఉత్తరాన్ని మనవరాలు పూజిత రెండు వేళ్లతో పట్టుకొచ్చి, "హూ ఈవెన్ రైట్స్ లెటర్స్, తాతా?" అంది. ఆమె పెదవులు చూసి అర్థం చేసుకోవడం నాకు అలవాటైంది. ఒక సిపాయి బిడ్డ రాస్తుంది అని చెప్పాను.

నువ్వు పంపిన రెండు ఎపిసోడ్లూ స్నేహలత కంప్యూటర్‌లో పెట్టింది. కింద అక్షరాలు వస్తాయి కాబట్టి నాకు ఇబ్బంది లేదు. తిట్టమన్నావు కదా, విను.

మీ సిపాయిలకు ఆకలి లేదు సరే, ఆకలి లేకపోయినా ఒకడు బలవంతంగా తినాలి, ఇంకొకడు తినిపించాలి, అది ఎక్కడా లేదు. మా దగ్గర డబ్బాలో పండ్ల ముక్కలు కూడా గొంతు దిగేవి కావు. వాళ్లకు దగ్గు రాదు. మేం కిరోసిన్ పొగ పీల్చి నల్లగా ఉమ్మేవాళ్లం. వాళ్ల గడ్డాలు ఎవరు గీస్తున్నారమ్మా రోజూ? ఒకడు చేతి తొడుగు తీసి తుపాకి పట్టుకున్నాడు. ఆ చలిలో ఇనుము పట్టుకుంటే తోలు దానికే అంటుకుని వస్తుంది. ఆ కెప్టెన్ ఉన్నాడే, నిలబడి దేశం గురించి ఉపన్యాసం ఇచ్చాడు. అంత ఎత్తులో ఒక మాట చెప్పి నాలుగుసార్లు ఊపిరి తీసుకోవాలి. మా హవల్దార్ రోజంతా పది మాటలు మాట్లాడితే అందులో ఆరు తిట్లు.

ఇంకో సంగతి. నీళ్లు ఎక్కడివి? మా రోజులో సగం మంచు కరిగించడానికే పోయేది. ఎవడి వంతు అని కొట్టుకునేవాళ్లం. మీ నాన్న తన వంతు అయ్యాక నా వంతు కూడా కరిగించేవాడు, నాకు నిద్ర ఎక్కువని.

అన్నిటికన్నా పెద్ద తప్పు చెబుతాను. బయటికి వెళ్లిన జట్టు తిరిగి వస్తే, గోడ మీద పెట్టె ఒకటి ఆరుగురూ వచ్చేశారని ఎర్ర దీపం వెలిగిస్తుంది. పెట్టెలు చెడిపోతాయి. మాకు గిన్తీ ఉండేది. లెక్కన్నమాట. ముఖానికి గుడ్డ, కళ్లకు అద్దాలు, పైన కోటు. ఎవడు ఎవడో కన్నతల్లికి కూడా తెలియదు. అందుకని బయలుదేరేటప్పుడే ఒక్కొక్కరికి ఒక అంకె. తిరిగొచ్చి లోపలికి దూరుతూ తన అంకె తానే అరవాలి. ఏక్, దో, తీన్. తలుపు దగ్గర హవల్దార్ రిజిస్టర్‌లో గీతలు పెడతాడు. ఆఖరి అంకె పడ్డాక "గిన్తీ పూర్తి" అని తలుపు బిగిస్తాడు. ఆ తర్వాత ఆ తలుపు తెరవడమంటే లోపలి వేడి అంతా పోవడమే. అందుకని తెరవరు. మీ చందమామ మీద కూడా గిన్తీ పెట్టించు.

వదినకు నా నమస్కారం చెప్పు. రావడం కుదరదమ్మా. మా పేట డాక్టరు, ఆ జీపీ, నన్ను చెవుల డాక్టరు దగ్గరికి పంపుతున్నాడు, పూజితను బడి నుంచి తేవాలి, స్నేహలత డ్యూటీ వేళలు ఎప్పుడు మారతాయో చెప్పలేం.

నీ కాక,
మొగిలయ్య.


బెల్‌ఫాస్ట్,
30 అక్టోబర్ 2011.

కాకా,

మీ ఉత్తరం రచయితల గదిలో గోడకు అతికించారు. నేను ఇంగ్లీషులోకి మార్చి చదివితే ప్రొడ్యూసర్ టేబుల్ మీద గుద్ది "దిస్!" అన్నాడు. నటులకు పది రోజులుగా గడ్డాలు గీయనివ్వడం లేదు. మేకప్ అమ్మాయి ఉమ్మి నల్లగా రావడానికి ఏదో కనిపెట్టింది. గిన్తీ మాత్రం అందరికీ పిచ్చిగా నచ్చింది. మా పోస్ట్‌కు రెండు తలుపులుంటాయి, మధ్యలో గాలి నింపే చిన్న గది. ఇప్పుడు ఆరుగురూ అక్కడ అంకెలు అరిచి లోపలికి వస్తున్నారు. మేజర్ గారు మొదట మూతి విరిచాడు, తర్వాత తానే దగ్గరుండి నేర్పాడు.

మంచి కబురు ఇంకొకటి. ఆరో ఎపిసోడ్ నన్ను రాయమన్నారు, పూర్తిగా నన్నే. నా వీసా మార్చిలో అయిపోతుంది. ఇది బాగా వస్తే రచయితగా తీసుకుని కంపెనీ వీసా ఇప్పిస్తామన్నారు. రాకపోతే పెట్టె సర్దుకోవడమే.

ఆ ఎపిసోడ్‌లో అయిదో సిపాయి ఒక మధ్యాహ్నం తనంతట తానే తలుపు తెరుచుకుని మంచులోకి నడిచి వెళ్లిపోతాడు. ఇది నేనే చెప్పాను. నీకు ఎలా తట్టిందని అడిగితే, తట్టింది అన్నాను.

ఊళ్లో అందరికీ మేం మంచు విరిగిపడి పోయాడనే చెప్పాం. మీకు మాత్రం దాచేదేముంది? "సొంత ఇష్టంతో, అనుమతి లేకుండా పోస్ట్ విడిచి వెళ్లి" అని సైన్యం నుంచి వచ్చిన కాగితం అమ్మ పెట్టెలో ఉంది. నాన్న ఎందుకు అలా వెళ్లాడో తెలియకుండానే నాకు ముప్పై వస్తున్నాయి. ఇప్పుడు ఆ కారణం రాయకపోతే ఎపిసోడ్ నిలబడదు. ఆ రోజు నాన్న ఏమైనా అన్నాడా? ముందు రోజైనా? ఏదైనా ఒక్క మాట?

మీరు రారని చెబితే అమ్మ, "మొగిలి ఎందుకొస్తడు? ఆయన పోయినంక ఒక్కసారి ఇంటికొచ్చిండు. వాకిట్లనే నిలబడి, మంచినీళ్లు గూడ ముట్టకుండ పోయిండు" అంది. మా వల్ల ఏమైనా తప్పు జరిగిందా కాకా?

కస్తూరి.


స్లౌ,
12 నవంబర్ 2011.

కస్తూరికి,

ఉత్తరం అందింది. నాకు ఒంట్లో బాగాలేదు, అందుకే ఆలస్యం.

నీ ఎపిసోడ్ సంగతి. సిపాయి అలా వెళ్లడు. తలుపు దగ్గర కాపలా ఉంటుంది. తాడు లేకుండా ఎవడినీ బయటికి వదలరు. నువ్వు అలా రాస్తే చూసేవాళ్లు నమ్మరు. దానికి బదులు మంచు విరిగిపడిందని పెట్టు. శబ్దంతో, పొగతో తెర మీద బాగుంటుంది. లేదా శత్రువును చూపించు, ఎన్నాళ్లు దాస్తారు?

మీ నాన్న ఆ రోజు ఏమన్నాడో నాకు గుర్తు లేదు. చాలా ఏళ్లయింది. మంచి మనిషి. అంతకన్నా రాయడానికి నా దగ్గర ఏమీ లేదు. పోయినవాళ్లను టీవీలోకి ఎక్కించడం కూడా నాకు సరిగ్గా తోచడం లేదు.

వదినను చలిలో తిప్పకు.

మొగిలయ్య,
మాజీ హవల్దార్.


బెల్‌ఫాస్ట్,
20 నవంబర్ 2011.

మొగిలయ్య కాకకు,

"మాజీ హవల్దార్" అని సంతకం పెట్టారు. నేను ఎప్పుడు మీకు పరాయిదాన్నయ్యాను?

మంచు విరిగిపడిందని పెట్టమంటారు. ఊళ్లోవాళ్లకు చెప్పిన అబద్ధాన్నే నన్ను ఇక్కడా చెప్పమంటారా? అమ్మ పెట్టెలోని ఆ కాగితాన్ని మొదటిసారి పూర్తిగా చదివాను. విచారణలో ఏం తేలిందో ఇంగ్లీషులో ఒక పేజీ ఉంది. మధ్యాహ్నం మూడు గంటలకు జట్టు తిరిగొచ్చింది. ఆరుగురు. గిన్తీ పూర్తి. తలుపు మూశారు. గంట తర్వాత నాయక్ తిరుపతయ్య, అంటే నాన్న, కనపడలేదు. "ఆ సమయంలో అతని మనసు బాగాలేదని తోటి సిపాయి చెప్పాడు" అని కూడా ఉంది.

మీరు నేర్పిన లెక్కే నేను వేశాను కాకా. గిన్తీలో ఆరు అంకెలూ పడితే ఆరుగురూ లోపల ఉన్నట్టే. లోపల ఉన్నవాడు తర్వాత బయట దొరికితే తానే వెళ్లినట్టు. ఇంకో దారి లేదు. మేజర్ గారిని అడిగితే ఆయనా అదే అన్నాడు.

ఇది ఎపిసోడ్ కోసం అడుగుతున్నానని అనుకోకండి. అది ఎలాగూ డిసెంబర్ పన్నెండున షూటింగ్. నా కోసం అడుగుతున్నాను. రెండు నెలలుగా నాకు నిద్ర లేదు. అన్నం సహించదు. పని, వీసా, ఈ వాన, అన్నీ మీద పడినట్టుంది. ఈ నెలలో రెండుసార్లు బాల్కనీ తలుపు తీసి ఎంతసేపు నిలబడ్డానో నాకే తెలియదు. రెండోసారి అమ్మ వెనక నుంచి వచ్చి నా జాకెట్ పట్టుకుని లోపలికి లాగింది. "మీ నాయన బుద్ధి నీకు రాలే గద బిడ్డా?" అంది. అప్పటి నుంచి బాల్కనీ తాళం చెవి తన దగ్గరే ఉంచుకుంది. స్నానానికి పోయినా తలుపు బయట కూర్చుంటుంది.

జీపీ దగ్గరికి వెళ్లాను. క్లినిక్‌లో ఒక కాగితం నింపమన్నారు. మీ కుటుంబంలో ఎవరైనా ప్రాణం తీసుకున్నారా అని ఒక గడి. అవును అని పెట్టాలంటే చెయ్యి రాలేదు. కాదు అనడానికి నాకు ఆధారం లేదు. ఖాళీగా వదిలేసి వచ్చాను. ఇది రక్తంలో ఉండేదే అయితే నేను ఎన్నాళ్లని బాల్కనీలకు తాళాలు వేసుకుంటాను?

మీకు తెలిసి ఉండాలి. నాకు భయంగా ఉంది కాకా. అవును అన్నా సరే, చెప్పండి.

కస్తూరి.


స్లౌ,
1 డిసెంబర్ 2011.

కస్తూరీ,

ముందు వెళ్లి ఆ డాక్టరు కాగితం నింపు. కాదు అని పెట్టు. మీ నాన్న ప్రాణం తీసుకోలేదు. నేను చూసిన మనిషిని, నేను చెబుతున్నాను. అది నింపి వచ్చాక మిగతాది చదువు.

ఆ రోజు ఆరుగురం దిగువకు వెళ్లాం. హెలికాప్టర్ విడిచిన కిరోసిన్ డబ్బాలు, టపా సంచి తేవాలి. పోస్ట్ నుంచి అరగంట దారి. తిరుగు దారిలో గాలి లేచింది. పట్టపగలు మూడు గంటలకు నా చెయ్యి నాకు కనపడలేదు. మీ నాన్నది అయిదో అంకె, నాది ఆరు. తాడు తలుపు దగ్గరే విప్పాలి. మేమిద్దరం కొంచెం ముందే విప్పేశాం, డబ్బాలు మోయడానికి అడ్డమని. గుడిసె గోడ కనపడింది. అప్పుడు మీ నాన్నకు టపా సంచి భుజాన లేదని తెలిసింది. తాడు విప్పి డబ్బా మళ్లీ ఎత్తుకున్న చోటే దించి మరిచాడు. వెనక్కి ముప్పై నలభై అడుగులు. నా చెవి దగ్గర నోరు పెట్టి, "నా నంబర్ గూడ నువ్వే చెప్పు మొగిలీ, సంచి పట్టుకొని ఇట్ల వస్త. హవల్దార్‌కు తెలిస్తే దంపుతడు" అన్నాడు.

బిడ్డా, ఇది మా ఇద్దరికీ అలవాటే. కింద క్యాంపులో పొద్దున గిన్తీకి నాకు మెలకువ రాకపోతే నా అంకె ఆయన చెప్పేవాడు. ఎన్నిసార్లు చెప్పాడో లెక్క లేదు. అంత మంచులో, అంత ఎత్తులో కూడా నాకు అది తప్పుగా తోచలేదు. తలుపులో దూరుతూ పాంచ్ అని అరిచాను. దగ్గినట్టు చేసి గొంతు మార్చి ఛే అని అరిచాను. మంచు పొడి ముఖాన కొడుతుంటే హవల్దార్ తల ఎత్తకుండానే గీతలు పెట్టాడు. తలుపు బిగించాడు.

రెండు నిమిషాల్లో వచ్చి తలుపు కొడతాడు, నేను తీస్తాను, హవల్దార్ చేత నాలుగు తిట్లు తింటాం అనుకున్నాను. స్టవ్ దగ్గర కూర్చున్నాను.

నిద్రపోయాను కస్తూరీ.

అంతే జరిగింది. దాని పక్కన పెట్టడానికి నా దగ్గర ఇంకే కారణమూ లేదు. లేచేసరికి గంట అయింది. ఆయన పడక ఖాళీగా ఉంది. నేను అరిచిన అరుపుకు అందరూ లేచారు. ఆ గాలిలో ఆయన తలుపు కొట్టాడో లేదో ఎవరికీ తెలియదు. నేను ఇరవై ఏళ్లుగా ఆ చప్పుడు వినడానికి ప్రయత్నిస్తున్నాను. ఆ తర్వాత ఫైరింగ్ రేంజ్‌లో చెవులు పోతే నాకు బాధ కలగలేదు.

మరునాడు పొద్దున గాలి తగ్గాక వెతకడానికి వెళ్తే ముందు నేనే చూశాను. తలుపుకు ఇటువైపు కాదు, గోడకు అవతలివైపు ఉన్నాడు. గాలిలో తలుపు దాటి ముందుకు నడిచేశాడు. టపా సంచి కడుపు కింద పెట్టుకుని పడుకున్నాడు. సంచి అక్కడ ఉంటే ఆయన లోపలికి రానేలేదని అందరికీ తెలిసిపోతుంది. మిగతావాళ్లు వచ్చేలోపు దాన్ని నా కోటులోకి తోశాను. తర్వాత కిరోసిన్ డబ్బాల వెనక పడేసి, దొరికిందన్నాను.

విచారణలో అధికారి, అయిదో అంకె నువ్వు విన్నావా అని అడిగాడు. విన్నాను సాబ్ అన్నాను. మరి ఎందుకు వెళ్లాడు, ఇంటి దగ్గర ఏమైనా గొడవా అని అడిగాడు. అప్పుడు నేను, ఈ మధ్య మనసు బాగాలేదు సాబ్ అన్నాను. నువ్వు చదివిన కాగితంలో ఉన్న తోటి సిపాయిని నేనే. నా ఉద్యోగం పోతుందని, జైలు పడుతుందని భయపడి ఆ మాట అన్నాను. మీ నాన్న ఆ ముందు రోజు కూడా నవ్వుతూనే ఉన్నాడు. నీకు మూడో తరగతి పుస్తకాలు కొన్నారో లేదో అని అడుగుతూ ఉన్నాడు.

మీ వాకిట్లోకి వచ్చింది ఇదే చెప్పడానికి. వదిన వచ్చి "ఎట్ల పోయిండు మొగిలీ?" అంది. నువ్వు ఆమె వెనక నిలబడ్డావు. చెప్పకుండానే తిరిగి నడిచాను.

దీంతో పాటు ఒక ఇన్‌లాండ్ లెటర్ పంపుతున్నాను. ఆ సంచిలో మీ నాన్న పేరున ఉన్నది అదొక్కటే, ఉత్తరాలు పంచేటప్పుడు తీసి దాచుకున్నాను. సంచి మూతి ముడి కూడా ఆయన విప్పలేదు. నేనూ ఆ ఉత్తరాన్ని తెరవలేదు. అది వదిన చేతిరాత. ఆమెకు ఇవ్వు.

విచారణ కాగితం మార్చమని సైన్యానికి కూడా ఇవాళే రాశాను. నకలు దీంతో పెట్టాను. నన్ను కాకా అని పిలవనక్కర్లేదు.

మొగిలయ్య.


బెల్‌ఫాస్ట్,
17 డిసెంబర్ 2011.

మొగిలయ్య గారికి,

మీ ఉత్తరం అయిదో తేదీన అందింది. మీరు చెప్పినట్టే ముందు క్లినిక్‌కు వెళ్లి కాదు అని గడి నింపాను. రిసెప్షన్‌లో ఆమె నా ముఖం చూసి టిష్యూల డబ్బా ముందుకు జరిపింది. బయట బస్టాప్‌లో మిగతాది చదివాను. మూడు బస్సులు వెళ్లిపోయాయి.

ముందు ఆఫీసు సంగతి రాస్తాను, అది రాయడం తేలిక. రెండు రాత్రులు కూర్చుని ఎపిసోడ్ మార్చాను. అయిదో సిపాయి నడిచి వెళ్లడు, ఆరోవాడు స్నేహం కొద్దీ అతని అంకె కూడా అరుస్తాడు. ప్రొడ్యూసర్ చదివి మేజర్‌కు ఇచ్చాడు. మేజర్ కళ్లద్దాలు తీసి, "సారీ, నిజమైన సైన్యంలో ఇలా జరగదు. ఎవరూ నమ్మరు" అన్నాడు. నేను నిలబడి జరిగింది అన్నాను. గొంతు లేచిపోయింది. ఎవరికి జరిగిందని అడిగితే చెప్పలేదు. మా నాన్నను మళ్లీ వాళ్ల ముందు నిరూపించే ఓపిక నాకు లేదు. పన్నెండున పాతదే తీశారు. నటుడు చాలా బాగా నడిచి వెళ్లిపోయాడు, సెట్ మీద చప్పట్లు కొట్టారు. నా పేరు వేయవద్దని రాసి ఇచ్చాను. మార్చి తర్వాత నేను ఇక్కడ ఉండను.

మీ ఉత్తరాన్ని అమ్మకు చదివి వినిపించడానికి నాకు అయిదు రోజులు పట్టింది. పోయిన శనివారం పొద్దున, అమ్మ సింక్ దగ్గర బియ్యం కడుగుతుంటే మొదలుపెట్టాను. పాంచ్ అన్న చోట ఆమె చెయ్యి ఆగింది. నిద్రపోయాను అన్న చోట కుళాయి కట్టేసింది. టపా సంచి అనగానే ఇటు తిరిగి, "సంచిల ఏమున్నై?" అని అడిగింది. ఇన్‌లాండ్ లెటర్ చేతికిచ్చాను. తీసుకోలేదు. పాము ఉన్నట్టు వెనక్కి జరిగింది.

తర్వాత చెప్పింది. నాకు కూడా ఇదే మొదటిసారి వినడం. ఆ ఏడు అమ్మ కడుపుతో ఉంది, ఏడో నెలలో బిడ్డ పోయింది. నాన్నకు రెండు ఉత్తరాలు రాస్తే సెలవు దొరకలేదని జవాబు వచ్చింది. మూడోది కోపంతో రాసింది. "నీ మొహం నాకు చూపియ్యకు, ఆ మంచులనే సావు అని రాసిన బిడ్డా" అంది. మూడు వారాలకు టెలిగ్రాం వచ్చింది. తర్వాత ఆ కాగితం వచ్చింది, మనసు బాగాలేదని, సొంత ఇష్టంతో వెళ్లాడని. "నేను సావమంటే సచ్చిండనుకున్న. ఇరవై ఏండ్లాయె, ఇంకొకలకు చెప్పలే. నిన్ను చూస్తే గూడ భయమే, నా నోటి నుంచి మల్ల ఏమొస్తదో అని."

నేను ఆమెను పట్టుకోబోతే వద్దంది. తడి చేతులు చీరకు తుడుచుకుని ఉత్తరం తీసుకుంది. కళ్లద్దాలు పెట్టుకుని కిటికీ వెలుతురు దగ్గరికి పోయింది. జిగురు అంటించిన మూడు అంచుల మీదా గోరుతో రాస్తూ పోయింది, ఒకసారి కాదు, నాలుగైదు సార్లు. "ఇప్పలే. చూడు కస్తూరీ, నీ కండ్లతోని చూడు. యాడ గూడ ఇప్పలే. ఆయన సదవనే లేదు" అంది.

చూశాను. చదవలేదమ్మా అన్నాను.

అప్పుడు ఏడ్చింది. నాన్న పోయినప్పుడు కూడా అమ్మ ఏడవగా నేను చూడలేదు. ఊళ్లోవాళ్లు రాతి గుండె అనేవాళ్లు, నేనూ అలాగే అనుకున్నాను. కింది ఫ్లాట్ ఆంటీ పైకి వచ్చి తలుపు తట్టే దాకా ఏడ్చింది. తర్వాత ఆ ఉత్తరాన్ని బియ్యం కడిగిన నీళ్లలో ముంచి, నీలం సిరా అంతా పోయేదాకా రెండు చేతులతో పిసికింది. నన్ను ఒక్క అక్షరం చదవనివ్వలేదు.

మీరు భయపడి అన్న ఒక్క మాటతో మా అమ్మ ఇరవై ఏళ్లు హంతకురాలిగా బతికింది. నేను ఆరో అంతస్తు బాల్కనీలో నిలబడ్డాను. ఆ తాళం చెవి ఇప్పుడు నా దగ్గర ఉంది, దానికి కూడా మీకే థ్యాంక్స్ చెప్పాల్సి వస్తున్నందుకు నాకు ఒళ్లు మండుతోంది. క్షమించాను అని రాయలేను. రాస్తే అబద్ధం.

అమ్మ మాత్రం నన్ను కూర్చోబెట్టి ఇది రాయించింది. ఆమె మాటలే పెడుతున్నాను.

"మొగిలీ, నా ఉత్తరం ఇన్నేండ్లు నీ పెట్టెల ఉండె. ముందుగాల ఇచ్చి ఉంటే నేను ఇంకో తీర్గ బతుకుదును. నిన్ను తిట్టేది శానా ఉన్నది, ఎదురుంగనే తిడ్త. అయినా రా. ఆయన ఆఖరికి ఏం తిన్నడో, ఏం నవ్విండో, నన్ను ఎట్ల యాది చేసిండో నువ్వొక్కనివే ఎరుకున్నోనివి. మాకు ఎవ్వలు చెప్పలే. మొత్తం చెప్పిపో."

వచ్చే శనివారం పొద్దున హీత్రూ నుంచి విమానం ఉంది. ఎయిర్‌పోర్ట్ బస్సు దిగి టాక్సీవాడికి ఈ కవరు మీది అడ్రస్ చూపించండి. ఆరో అంతస్తు, లిఫ్ట్ పక్క ఫ్లాట్. నేను సాయంత్రం దాకా బయటికి పోతాను. అమ్మ ఇంట్లోనే ఉంటుంది. మీ కోసం వంట చేస్తుందట.

తిరుపతయ్య బిడ్డ,
కస్తూరి.